చిన్నమ్మకి గడి లేదు

ఫిబ్రవరి 3

చెల్లీ,

ఉత్తరం చూసి కంగారు పడకు. నేను బాగానే ఉన్నాను. కాళ్ళూ చేతులూ ఎక్కడివక్కడే ఉన్నాయి. మొన్న ఆదివారమేగా ఫోన్లో మాట్లాడుకున్నాం, మళ్ళీ ఈ ఉత్తరం ఏమిటని అనుకుంటావు. చెబుతాను.

ఇక్కడ నా నాలుగేళ్ళు నిండాయి. ఒకే యజమాని దగ్గర మధ్యలో మానకుండా నాలుగేళ్ళు పనిచేస్తే పిల్లల్ని పిలిపించుకోవచ్చని ఇక్కడి చట్టం. ఈ షెడ్డు వదిలి పక్క షెడ్డుకి మారినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది. అందుకే ఎన్ని మాటలు పడ్డా మారలేదు. పిల్లలకి పదహారు నిండకూడదు. మన ఉడతకి డిసెంబరు తొమ్మిదికి పదహారు నిండుతాయి. అర్జీ ఎప్పుడు పెట్టామన్నది కాదట, అనుమతి కాగితం ఎప్పుడొచ్చిందన్నదే లెక్క. ఆ తేదీ దాటితే ఈ దేశానికి అది నా కూతురు కాదు, ముక్కూ మొహం తెలియని ఇంకెవరో.

ఇక్కడి లైబ్రరీలో వారానికి రెండు రోజులు ఒకావిడ కూర్చుని మాలాంటి వాళ్ళకి అర్జీలు రాసిపెడుతుంది. మేమంతా అర్జీలమ్మ అంటాం. కూతురితో సంబంధం తెగిపోలేదని రుజువేమిటని అడిగింది. వారం వారం ఫోన్ చేస్తున్నానన్నాను. ఫోన్లో మాటలు గాల్లో కలిసిపోతాయి, కాగితం మీద ఏముందో చూపించమంది. ఏమీ లేదు. ఇప్పట్నుంచైనా ఉత్తరాలు రాసుకుంటే ఫైల్లో పెట్టొచ్చట. మన భాషలోనే రాయొచ్చు. వాళ్ళే ఒక దుబాసీ చేత అనువాదం చేయించుకుంటారు.

అందుకని నువ్వు రాయి. ఉడత సంగతులన్నీ రాయి. దాని చేత కూడా నాలుగు ముక్కలు రాయించు. అది రెండు లైన్లకే సంతకం పెట్టి లేచిపోతుందని తెలుసు, అయినా సరే. ఒక్క మాట గుర్తుపెట్టుకో. ఎక్కడా కల్పించొద్దు, గొప్పలకి పోవద్దు. రోజూ నాతో ఎలా మాట్లాడతావో అలాగే రాయి. అర్జీలమ్మ మరీ మరీ చెప్పింది, సహజంగా ఉండాలని.

పని మామూలే. పుట్టగొడుగులు ఒక్క రోజులో రెట్టింపవుతాయి కాబట్టి వాటికి ఆదివారం లేదు, మాకూ లేదు. చీకటి గది, తలకి దీపం, చేతిలో చిన్న కత్తి. మెడ పట్టుకుని మెల్లగా తిప్పాలి, లాగకూడదు. వేలి గుర్తు పడితే ఆ పుట్టగొడుగు పనికిరాదని పక్కన పడేస్తారు.

మరిదిని అడిగానని చెప్పు.

మీ అక్క


ఫిబ్రవరి 19

అక్కా,

ఒకే ఇంట్లో ఉన్నన్నాళ్ళూ "పాలు పొంగుతున్నాయి చూడు" అనడం తప్ప నాతో పట్టుమని పది మాటలు మాట్లాడని దానివి, రెండు పేజీలు రాశావు. మీ ప్రభుత్వానికి దండం పెట్టాలి.

నా కూతురి సంగతులు కదా కావాలి, విను. నా కూతురు ఈ ఏడాది నన్ను దాటిపోయింది. పక్కన నిలబడి నా నెత్తి మీద మోచెయ్యి ఆనించి ఫోటో తీయించుకుంది, సిగ్గు లేకుండా. నువ్వు నమ్మవని దారం పంపిస్తున్నాను. గోడకి నిలబెట్టి మడమ దగ్గర్నుంచి నడినెత్తి దాకా పెట్టి కత్తిరించాను. జడ కలపలేదు. ఇరవై ఏళ్ళుగా స్కూలు యూనిఫారాలు కుడుతున్న చెయ్యి నాది, కొలత తప్పదు.

లెక్కల్లో బాగుంది, చరిత్రలో కొట్టుకుపోతోంది. పేరుకి తగ్గట్టు ఇంకా పెన్సిలు ముక్కలు దాస్తూనే ఉంది. మొన్న దాని పెట్టె దులిపితే నలభై దాకా రాలాయి.

బడి వదిలాక వాళ్ళ నాన్న తాళాల దుకాణంలో కూర్చుంటోంది. పోయినవారం బీరువా తాళంచెవి పోగొట్టుకుని ఒకాయన వస్తే, ఈయన పనిముట్లు తీసే లోపల ఇది జడపిన్ను పెట్టి తీసేసింది. ఈయన మురిసిపోయాడు. నేను ఇద్దర్నీ కలిపి తిట్టాను. రేపు వీధిలో ఏ ఇంట్లో దొంగతనం జరిగినా ముందు మన గుమ్మంలోకే వస్తారు కదా.

వాళ్ళ నాన్న నిన్ను అడిగినట్టు రాయమన్నాడు. ఆ షెడ్లలో ఎలాంటి తాళాలు వాడతారో కనుక్కోమన్నాడు. ఆయన ధ్యాస ఆయనది.

దాని ఉత్తరం కూడా ఇందులోనే ఉంది. నువ్వన్నట్టే, రెండు లైన్లు.

నీ చెల్లెలు


మార్చి 12

చెల్లీ,

దారం అందింది. తలుపు వెనక మేకుకి వేలాడదీశాను. దాని పక్కన నిలబడి చూసుకుంటే నా కనుబొమ్మల దాకా వచ్చింది. నేను వచ్చేటప్పుడు నా భుజం దగ్గర ఉండేది. కాసేపు ఏడ్చాను, రాయడానికి సిగ్గేమీ లేదు.

అర్జీ పెట్టేశాం. నీ ఉత్తరం అసలుదే ఫైల్లో ఇచ్చాను. ఇంతకుముందు నువ్వు పార్సిళ్ళలో పెట్టి పంపిన చీటీలు కూడా అన్నీ దాచి ఉంచాను కదా, అవి కూడా ఇచ్చేశాను. అర్జీలమ్మ మందం చూసి సంతోషించింది.

గది కొలవడానికి ఒకాయన వచ్చాడు. ఇద్దరు ఉండాలంటే ఇంత జాగా ఉండాలని నియమం. నేను బట్టలుతికే దుకాణం పైన ఉంటున్నానని తెలుసుగా. కింద మెషిన్లు తిరిగినప్పుడల్లా ఆయన టేపు కూడా వణికింది. బీరువా ఆక్రమించిన చోటు తీసివేస్తే నాలుగు వేళ్ళ వెడల్పు తక్కువైంది. బీరువా తీయించేశాను. ఇప్పుడు నా బట్టలన్నీ మంచం కింద అట్టపెట్టెలో ఉన్నాయి, మీ ఉడత పెన్సిలు ముక్కల్లాగ.

పెట్టెలు తూచే తూకమాయన మా షెడ్డుకి పెద్ద. నాకు సిఫారసు ఉత్తరం ఇచ్చాడు. "ఈమె పుట్టగొడుగుకి గాయం కాకుండా కోస్తుంది" అని రాశాడు. కూతుర్ని తెచ్చుకోవడానికి ఆ ముక్క సరిపోతుందా అని అడిగాను. మా ప్రభుత్వానికి అంతకంటే ఏం కావాలి అన్నాడు. నవ్వుతూ అన్నాడో లేదో చీకట్లో కనబడలేదు.

అక్కడ వాళ్ళ ఆఫీసు నుంచి ఉడతకి పిలుపు వస్తుంది. తీసుకెళ్ళు. తల దువ్వుకుని వెళ్ళమను.

తాళాలకి చెవులు లేవని మరిదికి చెప్పు. నంబర్లు నొక్కాలి.

మీ అక్క


మే 2

అక్కా,

తాళంచెవి లేని తాళాల సంగతి విని ఆయన రెండు రోజులు దిగులుగా ఉన్నాడు.

పిలుపు వచ్చింది, వెళ్ళొచ్చాం. బస్సులో నాలుగు గంటలు. వాళ్ళ ఆఫీసులో కుర్చీలన్నీ నేలకి బిగించి ఉన్నాయి, ఎవరైనా ఎత్తుకుపోతారని కాబోలు. నన్ను బయటే కూర్చోబెట్టారు. దాన్ని ఒక్కదాన్నే లోపలికి పిలిచారు. ముప్పావుగంట పట్టింది. అంతసేపూ నా తలప్రాణం తోకకొచ్చింది.

బయటికొచ్చి బాగా చెప్పానంది. ఆఫీసరు వాళ్ళ భాషలో అడిగితే దుబాసీ మన భాషలో చెప్పాడట. దుబాసీ మనవాళ్ళ అబ్బాయే గానీ అక్కడే పుట్టి పెరిగాడట, మాటలు చిలక పలుకుల్లా పలికాడంది. ఎవరితో ఉంటున్నావంటే చిన్నమ్మతో, నాన్నతో అని చెప్పిందట. నాన్న ఏం చేస్తాడంటే తాళాలు బాగుచేస్తాడని చెప్పిందట. పొద్దున్నే ఎవరు లేపుతారు, జ్వరమొస్తే ఎవరు చూస్తారు, అన్నీ అడిగారు. దేనికీ తడుముకోలేదంది. మీ అమ్మ ఎంత పొడుగుంటుందని అడిగినప్పుడు మాత్రం చెప్పలేకపోయిందట. గొంతు ఎలా ఉంటుందో చెప్పమంటే చెబుతానందట. ఆఫీసరు అక్కర్లేదన్నాడు.

అయిపోయినట్టే అనుకో. తిరుగు బస్సులో నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. ఇప్పుడు దాని తల నా భుజం మీద పెట్టుకోవాలంటే సగానికి వంగాలి.

వెళ్ళేలోపల దానికి నాలుగు జతలు కుట్టాలి. అక్కడ చలా, ఎండా, సరిగ్గా రాయి.

నీ చెల్లెలు


జూన్ 8

చెల్లీ,

కాదన్నారు.

ఆరు పేజీల కాగితం వచ్చింది. అర్జీలమ్మ చదివి చెప్పింది. ఈ అమ్మాయి నా కూతురు కాదట. నా చెల్లెలి కూతురట. నేను నా కూతురని చెప్పి నీ కూతుర్ని తెచ్చుకోవాలని చూస్తున్నానట. రుజువులు నేనిచ్చినవే. నీ ఉత్తరంలో, చీటీల్లో "నా కూతురు" అన్న మాట పదకొండు చోట్ల ఉంది. పదకొండింటికీ కింద గీతలు కొట్టారు. "వాళ్ళ నాన్న" తొమ్మిది చోట్ల. తండ్రి చనిపోయాడని నేను కాగితం ఇస్తే, తండ్రి బతికుండి తాళాలు బాగుచేస్తున్నాడని అదే స్వయంగా చెప్పి వచ్చింది. చిన్నమ్మ అంటే ఏమిటని ఆఫీసరు అడిగితే దుబాసీ "చిన్నగా ఉన్న తల్లి" అని చెప్పాడట. అసలు తల్లి ఎత్తు మాత్రం తెలియదంది. "అది" అన్నచోటల్లా "ఆ వస్తువు" అని రాశాడు. ఆ వస్తువు జడపిన్నుతో బీరువాలు తెరుస్తుందన్న దాని కింద రెండు గీతలు ఉన్నాయి.

బడి కాగితం కూడా జతచేశారు. తండ్రి లేక సంరక్షకుడు అన్న చోట మరిది పేరు ఉంది. పుట్టిన కాగితం బడిలో చేర్చేటప్పుడు తీయించింది కాబట్టి దాన్ని నమ్మరట.

అభ్యంతరం చెప్పుకోవడానికి అరవై రోజులు ఇచ్చారు. రక్త పరీక్ష చేయించమని అడుగుదామంటే, వాళ్ళు ఒప్పుకునే చోట ఎనిమిది నెలల వరస ఉందట. డిసెంబరు తొమ్మిది వాళ్ళకోసం ఆగదు.

నాకు ఒకటే తోస్తోంది, రాసేస్తున్నాను. నువ్వు దాన్ని నీ కూతురంటే ఎప్పుడూ నాకేమీ అనిపించలేదు. ఆ పదకొండు గీతలు చూశాక అనిపించింది. లోపలికి వెళ్ళేముందు ఏం చెప్పాలో దానికి నువ్వు ఏమైనా చెప్పావా? దాన్ని పంపడం నీకు నిజంగా ఇష్టమేనా?

అక్క


జూన్ 21

అక్కా,

మీ దుబాసీకి మన భాష రాదు. నీకేం వచ్చింది? నీకు కూడా నన్ను అనువాదం చేసి చెప్పాలా?

అది మూడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు బావ పోయాడు. నువ్వు దాన్ని చంకనేసుకుని మా ఇంటికొచ్చిన రోజు నీకు గుర్తులేకపోతే నాకుంది. మా ఆయన్ని నాన్నా అని పిలవడం నేర్పింది నువ్వు. పిల్లకి ఆ పిలుపు అలవాటు తప్పకూడదని నువ్వే అన్నావు. బడిలో గుమస్తా ఎవరో ఒక మగాడి పేరు లేకపోతే కుదరదంటే, ఈయన పేరు రాయించమన్నది కూడా నువ్వే. ఈ పన్నెండేళ్ళలో నేను దాన్ని నా కూతురు అనకుండా ఏమని పిలవాలి? మా అక్కగారి అమ్మాయి అనా? అలా పిలిచి ఉంటే నువ్వే నా మొహం చూసేదానివి కాదు. రోజూ మాట్లాడినట్టే రాయమన్నది ఎవరు?

దానికి నేనేమీ నేర్పలేదు. లోపలికి వెళ్ళేముందు ముక్కు తుడుచుకోమన్నాను, అంతే.

ఇష్టమేనా అని అడిగావు. ఇష్టం లేదు. అడిగావు కాబట్టి చెబుతున్నాను. మాకు పిల్లలు లేరు. అది వెళ్ళిపోయాక ఈ ఇంట్లో మిషను చప్పుడూ ఆయన దగ్గూ తప్ప ఇంకేం ఉండదు. కానీ పంపాలని కూడా ఉంది. నువ్వు చీకటి గదుల్లో నాలుగేళ్ళు ఎవరికోసం కూర్చున్నావో నాకు తెలియదా? ఈ రెండూ నిజమే. నీ ఆఫీసరుకి అర్థం కాకపోతే పోయె, నీకు అర్థమవుతుందనుకున్నాను.

ఏం చెయ్యాలో రాయి. ఏదైనా చేస్తాను. నాలుగు జతలూ కుట్టడం అయిపోయింది.

చెల్లెలు


జూలై 5

చెల్లీ,

నీ ఉత్తరం షెడ్డు బయట మెట్ల మీద కూర్చుని చదివాను. తప్పు నాదే. ఈ కాగితాలతో తిరిగీ తిరిగీ నా కళ్ళు కూడా వాళ్ళ కళ్ళయిపోయాయి. ఇంకేం చెప్పను. నన్ను నాలుగు తిట్టు, ఫోన్లో తిట్టు, కాగితం మీద వద్దు.

ఇప్పుడు చెయ్యాల్సింది చెబుతాను. ఓపిగ్గా చదువు.

అర్జీలమ్మకి మన వరసలన్నీ చెప్పాను. పెద్దమ్మ, చిన్నమ్మ, పెదనాన్న, చిన్నాన్న. ఆవిడ నోరు తెరిచి విని, మీ పిల్లలకి ఒక్కొక్కరికి ఎంతమంది తల్లులు అని అడిగింది. ఎంతమంది అక్కచెల్లెళ్ళుంటే అంతమంది అన్నాను. తరవాత ప్రభుత్వం వాళ్ళ కాగితం తీసి చూపించింది. ఒక గడిలో తల్లి, ఒక గడిలో తండ్రి, కింద గడిలో పిల్లలు. పక్కకి గీతలు లేవు. చిన్నమ్మకి గడి లేదు. ఇదంతా వాళ్ళకి విడమరిచి చెబితే ఇంకా చిక్కుపడుతుందట. అందుకని వాళ్ళ గళ్ళకి సరిపోయేలా మనమే మారాలంది.

నువ్వు ఒక ప్రకటన రాసి, సాక్షి ముందు సంతకం పెట్టి పంపాలి. మాటలు ఆవిడే చెప్పింది, ఒక్క అక్షరం మార్చొద్దు:

"నేను, దర్జీ పని చేసుకుని జీవించుదానను, నా పూర్తి స్పృహతో ప్రకటించునది ఏమనగా, ఈ అమ్మాయికి నేను తల్లిని కాను. ఈమెను నేను కనలేదు. ఈమెపై తల్లిగా నాకు ఏ హక్కూ లేదు, ఇకముందు కోరను. నా భర్త ఈమెకు తండ్రి కాడు. ఇందులో ఏదీ అబద్ధం కాదు."

ఇకమీదట ఉత్తరాల్లో "నా కూతురు" అని రాయకు. "మీ కూతురు" అని రాయి. "అది" అనకు, "ఆమె" అను. మళ్ళీ పిలుస్తారు. ఈసారి ఉడత నిన్ను చిన్నమ్మ అనకూడదు. "మా అమ్మ చెల్లెలు" అనాలి. మరిదిని నాన్న అనకూడదు.

ఈ కవరులో నా దారం పెట్టాను. మడమ దగ్గర్నుంచి నడినెత్తి దాకా. తూకమాయన చేత కొలిపించి కత్తిరించాను. ఈసారి ఎత్తు అడిగితే చెప్పమను.

మీ అక్క


జూలై 20

గౌరవనీయులైన అక్కగారికి,

మీ ఉత్తరం అందినది. మీ కుమార్తె క్షేమముగా ఉన్నది. మీ కుమార్తె పరీక్షలలో ఉత్తీర్ణురాలైనది. మీ కుమార్తె మిమ్ములను తరచుగా తలచుకొనుచున్నది. నా భర్త ఆమెను బడి వద్ద దించుచున్నాడు. ఆమెకు ఆయన ఏమీ కాడు. మీరు కోరిన ప్రకటన సంతకము చేసి జతపరచినాను.

ఇట్లు,
మీ చెల్లెలు

(ఈ చీటీ ఫైల్లో పెట్టకు. చదివి చింపెయ్యి.

పైది ఎలా ఉంది? రాస్తుంటే నా చెయ్యి నాది కాదనిపించింది. వీధి చివర నోటరీ దగ్గరికి వెళ్ళి సంతకం పెట్టాను. ఆయనకి మన సంగతి తెలుసు. చదివి కళ్ళజోడు తీసి, ఇంతకాలం పెంచి ఇలా రాసిస్తున్నావేమిటమ్మా అన్నాడు. సంతకం పెట్టడానికి ఎంతసేపు, నా పేరు ఎప్పుడూ కలిపి రాస్తాను, ఈసారి ఒక్కొక్క అక్షరం విడివిడిగా వచ్చింది.

ఒక పొరపాటు జరిగింది. కాగితాన్ని మిషను సొరుగులో పెట్టాను. దారపుండ కోసం వెతుకుతూ ఉడత చదివేసింది. నేను అప్పటికి ఏమీ చెప్పలేదు, మెల్లగా కూర్చోబెట్టి చెబుదామనుకున్నాను. తరవాత అంతా వివరంగా చెప్పాను, నీ ఉత్తరం కూడా చూపించాను. అర్థమైందంది. "హక్కు కోరను అని కూడా రాయాలా?" అని ఒక్క మాట అడిగింది. ఆ రోజు నుంచి నన్ను ఏమీ పిలవడం లేదు. అలవాటు చేసుకుంటున్నానంటోంది.)


ఆగస్టు 30

చెల్లీ,

అభ్యంతరం తీసుకున్నారు. రసీదు ఇచ్చారు. అక్టోబరు రెండో వారంలో మళ్ళీ పిలుస్తారట, ఈసారి నిన్ను కూడా లోపలికి రమ్మంటారు. ఇద్దరికీ ఒకే ప్రశ్న వేసి జవాబులు సరిచూస్తారని అర్జీలమ్మ చెప్పింది.

మీ గౌరవనీయమైన ఉత్తరం చాలా బాగుందని ఆవిడ మెచ్చుకుంది. చీటీ చింపలేదు. చింపడానికి చేతులు రాలేదు.

ఫోన్లో ఉడత నాతో బాగానే మాట్లాడుతోంది, మరీ బాగా మాట్లాడుతోంది, బయటివాళ్ళతో మాట్లాడినట్టు. పరీక్షకి చదువుతున్నట్టు నా ఎత్తు అప్పజెప్పింది. కోపం నా మీదే అయితే ఫర్వాలేదు. కాగితం నాకోసమే కదా రాశావు.

మా షెడ్లో ఇద్దరు వెళ్ళిపోయారు. వాళ్ళు కోసే పుట్టగొడుగుల వరసలు కూడా నాకొచ్చాయి.

మీ అక్క


అక్టోబరు 15

అక్కా,

అయింది. బాగానే అయిందనుకుంటాను.

ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. ఆ ఆఫీసరే, ఆ దుబాసీయే. దుబాసీ నావైపు చూసి కొంచెం తల వంచాడు, పోయినసారి తప్పు తెలిసిందేమో. మీ అమ్మ ఎత్తు ఎంత అంటే ఠకీమని చెప్పింది. తండ్రి ఎవరంటే చనిపోయాడంది, ఏ సంవత్సరమో చెప్పింది. తాళాలు బాగుచేసే ఆయన ఎవరంటే "ఆ ఇంటి యజమాని" అంది. మేం అలా చెప్పమనలేదు. తనంతట తనే అంది.

తరవాత ఆఫీసరు నన్ను చూపించి ఈమె ఎవరని అడిగాడు.

"ఈవిడ మా అమ్మ చెల్లెలు" అంది.

నువ్వు ఈమెని ఏమని పిలుస్తావని అడిగాడు.

"ఏమీ పిలవను."

దుబాసీ అది రాసుకున్నాడు. ఆ ఒక్కదాన్ని మాత్రం తప్పు లేకుండా అనువదించి ఉంటాడు.

ఇందులో ఏదీ అబద్ధం కాదు అక్కా. జూలై నుంచి నిజంగానే ఏమీ పిలవడం లేదు. నేను ఏడవలేదు. ఏడిస్తే తల్లిననుకుంటారని ఏడవలేదు. మా ఆయనకి మాత్రం ఇంటి యజమాని అన్న సంగతి చెప్పలేదు, చెప్పను.

నీ చెల్లెలు


నవంబరు 27

చెల్లీ,

నీకు ఫోన్లో చెప్పాను కదా, క్షేమంగా చేరింది. అనుమతి ఆరో తేదీన వచ్చింది, ఇంకా ముప్పై మూడు రోజులు ఉండగా. ఇరవయ్యో తేదీన బస్సు దిగింది. నువ్వు కుట్టిన నీలం జత వేసుకుని ఉంది. కొలత ఎక్కడా తప్పలేదు. నేను ఎత్తు చూసి గుర్తుపట్టాను. అది నా గొంతు విని గుర్తుపట్టింది.

మంచమ్మాయి. లేవగానే పక్క సర్దుతుంది. కింద మెషిన్లు తిరుగుతుంటే నేల వణుకుతోందని నవ్వింది. మూడో రోజున గది తాళం మొరాయిస్తే విప్పి బాగుచేసింది. వచ్చే నెల నుంచి బడి.

అసలు రాయాల్సింది ఇది. నన్ను కూడా ఏమీ పిలవడం లేదు. "ఇదిగో" అంటుంది, "వింటున్నావా" అంటుంది. ఆఫీసరు ముందు ఎన్నిసార్లు అమ్మ అందో, గదిలో ఒక్కసారి కూడా అనలేదు. నేనూ అడగలేదు. నిన్న నా మంచం కింద అట్టపెట్టె సర్దుతూ దాని ఫైలు తీసింది. నీ ప్రకటన నకలు అందులో ఉంది. చాలాసేపు చదివి, "ఏదీ అబద్ధం కాదని ఎందుకు రాసింది?" అంది. మిగతావన్నీ నాకోసం రాసిందని తెలుసట. ఆ చివరి వాక్యం మాత్రం రాయకుండా ఉండాల్సిందట. నేను చెప్పమన్నట్టే రాసిందని చెప్పాను. తల ఊపింది. నమ్మినట్టు లేదు.

నువ్వు ఒకసారి వచ్చి చూసి వెళ్ళొచ్చా అని అర్జీలమ్మని అడిగాను. దగ్గరి బంధువుల జాబితా తీసింది. తల్లి, తండ్రి, భర్త, పిల్లలు. మళ్ళీ అవే గళ్ళు. పైగా నువ్వే సంతకం పెట్టి ఇచ్చావు కదా, ఏమీ కానని. షెడ్డు గేటు మీద ఇంకో నలభై మంది కావాలని ప్రకటన అంటించారు. కింద చిన్న అక్షరాల్లో, ఒంటరి వాళ్ళకి ప్రాధాన్యం అని ఉంది.

మా ఇద్దరి పర్మిట్లూ రెండేళ్ళకి మళ్ళీ మార్చుకోవాలి. అంతదాకా ఫైలు మూసేశారు. ఇక మన ఉత్తరాలు ఎవరూ చదవరు. నువ్వు దానికి ఒక ఉత్తరం రాయి. నేను ఏం చెప్పినా ఎక్కడం లేదు.

మీ అక్క


డిసెంబరు 9

ఒసేయ్ ఉడతా,

ఈ రోజుతో నీకు పదహారు నిండాయి. ఇక నువ్వు ఎవరి కూతురివో ఏ ఆఫీసరుకీ అక్కర్లేదు. కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ముందు మీ అమ్మని అమ్మా అని పిలువు. మా అక్క నాలుగేళ్ళు చీకట్లో కూర్చుంది ఆ మాటకోసమే. ఇదిగో, వింటున్నావా ఏమిటి, కూరగాయల వాళ్ళని పిలిచినట్టు? నామీద కోపం తనమీద చూపించకు. నామీద కోపం నాకే పంపు, తపాలా ఎటూ నడుస్తోంది.

మీ నాన్న నువ్వు బాగుచేసిన తాళం ఏ రకమో బొమ్మ వేసి పంపమన్నాడు. ఇక్కడ నీ పెన్సిలు ముక్కల పెట్టెకి తాళం వేసి చెవి తన దగ్గరే పెట్టుకున్నాడు. జడపిన్నుతో నేను తీయలేనని ఆయన ధీమా.

ఇందులో దారం ఉంది. అది నా ఎత్తు. మీ అమ్మ తలుపు వెనక నీ దారానికీ, నువ్వు తీసుకెళ్ళిన మీ అమ్మ దారానికీ పక్కన వేలాడదీసుకో. పొట్టిగా ఉందని నవ్వకు.

నువ్వు అడిగిన దానికి జవాబు ఇది. నోటరీ దగ్గరికి వెళ్ళలేదు, మన మిషను బల్ల మీదే రాశాను.

నేను, దర్జీ పని చేసుకుని జీవించుదానను, నా పూర్తి స్పృహతో, ఎవరి ఒత్తిడీ లేకుండా ప్రకటించునది ఏమనగా, ఈ అమ్మాయి నా కూతురు. ఈమెను మా అక్క కనినది. ఈమె మా అక్క కూతురు కూడా. ఈమె పిలిచినా పిలవకపోయినా నేను ఈమెకు చిన్నమ్మను. ఈమెపై నాకు గల హక్కులు ఏమనగా, తిట్టుట, కొలతలు తీయుట, ఉత్తరము రానిచో అలుగుట. వీటిని ఇకముందు కూడా కోరుదును. ఇంతకుముందు నేను సంతకము చేసిన కాగితము కూడా నిజమే, ఇది కూడా నిజమే. ఇందులో ఏదీ అబద్ధం కాదు.

సాక్షి: మీ నాన్న (తాళాలు).

ఈ కాగితాన్ని ఏ ఆఫీసులోనూ ఇవ్వకండి. ఇచ్చారంటే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

చిన్నమ్మ